బీడీల చాట ఒళ్లో వద్దు, బల్ల మీద పెట్టండి

ప్రశ్న: మా అత్తమ్మకు 62 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్నారు. రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. పొద్దున లేవగానే ఓ పది నిమిషాలు గోడ పట్టుకుని నడుస్తారు, తర్వాత సర్దుకుంటుంది. గుజ్జు అరిగిపోయింది, కదలకుండా కూర్చోమని అందరూ అంటున్నారు. ఆమెకు బీపీ ఉంది. నొప్పి ఎక్కువైతే మందుల దుకాణంలో ఇచ్చిన మాత్ర వేసుకుంటారు. ఈసారి బతుకమ్మ ఆడగలనా అని దిగులు పడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కోరుట్ల

జవాబు: ‘పది నిమిషాలు’ అని రాయడం మంచిదైంది. అరుగుదల వల్ల వచ్చే బిగుతు సాధారణంగా అరగంటలోపే వదులుతుంది. గంటకు పైగా వదలకపోయినా, చేతివేళ్ల కీళ్లు కూడా వాచినా అది కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు వేరు. మోకాలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అందరూ అనే ఆ ‘గుజ్జు’ ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. అలాంటప్పుడు కదలవద్దనడం ఏం వైద్యమో నాకు అర్థం కాదు. అరిగినది కాళ్ల సూపు తాగినా తిరిగి పెరగదు. పెరగాల్సింది తొడ కండరం. మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి ఐదు అంకెలు లెక్కపెట్టమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, ఉదయం, సాయంత్రం. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడండి, వారానికే తగ్గలేదని మానేయవద్దు.

ఇక చాట సంగతి. బీడీలు చుట్టే అమ్మలు నా దగ్గరికి చాలామంది వస్తారు. బాసింపట్టు వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, గంటల తరబడి లేవరు. అంతసేపు మడిచిన మోకాలి మీద ఒత్తిడి ఎక్కువ. పని మానమని నేను చెప్పను, ఆ కూలి నేనిస్తానా? కుర్చీలో కూర్చోబెట్టి, చాటను ఎదురుగా బల్ల మీద పెట్టండి. ఇలాగే చెబితే ఒకావిడ, “రోజుకు వెయ్యి చుట్టేదాన్ని, ఏడు వందలకు దింపావు” అని నన్ను తిట్టిపోసింది. మూడో వారానికి చేయి అలవాటు పడిందట, తిట్లు ఆగాయి. అరగంటకోసారి లేచి వాకిట్లోకి వెళ్లి రావాలి.

నాకు అన్నిటికన్నా భయం ఆ మాత్ర గురించే. నొప్పి మాత్రల్లో చాలావాటికి బీపీ పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒకసారి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, ఆ మాత్రల అట్టతో సహా వైద్యుడికి చూపించండి. ముందుగా పైపూతకు డైక్లోఫెనాక్ జెల్ పనికొస్తుందేమో అడగండి. ఆపరేషన్ మాట ఇప్పుడు అనవసరం.

బతుకమ్మ నిక్షేపంగా ఆడవచ్చు. చప్పట్లు కొట్టేటప్పుడు నడుము దగ్గర కొద్దిగా వంగితే చాలు. పక్కనే కుర్చీ వేసి ఉంచండి, రెండు పాటలకోసారి కూర్చుంటారు. చెరువు మెట్లు దిగేటప్పుడు కుడికాలు ముందు, ఎక్కేటప్పుడు ఎడమకాలు ముందు వేయాలి. బతుకమ్మ తాంబాళం మాత్రం మీరే ఎత్తుకోండి.