అంకె సరిపోయిందని బస్సు కదపకు

నాన్నా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, వీడు వచ్చే నెలలో 48 మంది పిల్లల్ని బస్సెక్కించి తిప్పుకొస్తాడట, ప్లాను కాగితం ఫొటో తీసి పంపుతున్నా, ఒకసారి చూడవే" అంది. గొంతులో సగం గొప్ప, సగం గుబులు.

చూశాను. ముందు సంతోషమేసింది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే, ఎవరూ చెప్పకుండానే పిల్లల్ని నాలుగు గోడల బయటికి తీసుకెళ్లాలనుకున్నావంటే, ఎవరి పోలికో నాకు తెలుసులే. తర్వాత రెండోసారి చదివాను. ఇక నిద్ర పట్టలేదు. ఒక్క రోజులో నాలుగు చోట్లా? సైన్సు మ్యూజియం, కోట, నీటిశుద్ధి కేంద్రం, జూ! ఒరేయ్, నువ్వు పిల్లల్ని తీసుకెళ్తున్నావా, పార్సిళ్లు బట్వాడా చేస్తున్నావా?

లెక్కల మాస్టారివి కదా, లెక్క నువ్వే కట్టు. 48 మంది బస్సు దిగి వరసలో నిలబడడానికి పది నిమిషాలు, మళ్లీ ఎక్కి సర్దుక్కూర్చోడానికి పది. నాలుగు చోట్లకీ కలిపి 80 నిమిషాలు అక్కడే హరీ. రెండే మరుగుదొడ్లున్న చోట మనిషికి రెండేసి నిమిషాలు వేసుకున్నా 48 నిమిషాలు. ఇక చూసేదెప్పుడు? ఒకటే చోటు పెట్టుకో. మహా అయితే దార్లో పడేది ఇంకొకటి, అదీ టైము మిగిలితేనే.

హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, బస్సు కాగితాలు నీకు చెప్పక్కర్లేదు. ముందుగా ఒక్కడివే వెళ్లి ఆ చోటు చూసి రా. వెళ్లినప్పుడు లోపలి వింతలు చూస్తూ నిలబడకు. బస్సు ఎక్కడ ఆగుతుంది, పిల్లలు రోడ్డు దాటకుండా లోపలికి పోగలరా, మంచినీళ్లెక్కడ, నీడెక్కడ, గేట్లెన్ని, ఇవి చూడు. మిగతావి మర్చిపోయినా గేట్లెన్నో మాత్రం మర్చిపోకు. ఎందుకంటున్నానో చెప్తాను.

అప్పటికి నాది పదకొండేళ్ల సర్వీసు. కొత్తదాన్ని, తెలియక జరిగిందని చెప్పుకోడానికి లేదు. సైన్సు మ్యూజియం చూపించడానికి వెళ్లాం, 46 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. నాతో వచ్చినావిడ తన కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చింది, ఇంట్లో చూసేవాళ్లు లేరని. పొద్దున బయల్దేరేటప్పుడు ఆ పాప ముందు సీట్లో వాళ్లమ్మ ఒళ్లో ఉంది, నా 46లో లేదు. సాయంత్రానికి స్నేహాలు కలిసి, వెనక సీట్లో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నేను ఫుట్‌బోర్డు పైమెట్టు మీద నిలబడి, వేలితో గాల్లో చుక్కలు పెట్టినట్టు లెక్కపెట్టాను. 46. అనుమానం తీరక ఇంకోసారి. మళ్లీ 46. "రైట్, పోనీ" అన్నాను డ్రైవరుతో. ఎంత ధీమాగా అన్నానో!

దార్లో బ్రేకు పడ్డప్పుడల్లా ఒక నీళ్ల సీసా సీట్ల కింద నుంచి దొర్లుకుంటూ నా కాళ్ల దాకా వచ్చేది. బస్సు ఊపందుకోగానే వెనక్కి పోయేది. మూడోసారికి విసుగొచ్చి కాలితో ఆపి తీశాను. నీలం సీసా. మూత మీద తెల్ల ప్లాస్టరు అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో పేరు రాసి ఉంది. తడికి చివరక్షరం అలుక్కుపోయింది. "ఎవర్రా, ఇలా పారేసుకున్నారు?" అని ఆ పేరు పిలిచాను. పాటల గోలలో వినపడలేదనుకుని ఇంకా గట్టిగా పిలిచాను. పాట ఆగింది. ఎవరూ పలకలేదు.

అప్పటికి పదకొండు కిలోమీటర్లు వచ్చేశాం. బస్సు తిప్పుకునే చోటు దొరకడానికి ఇంకో రెండు కిలోమీటర్లు ముందుకే పోవాల్సొచ్చింది. వెనక్కెళ్లే దారంతా నా బుర్రలో ఒకటే ప్రశ్న. ఆ మ్యూజియానికి గేట్లెన్ని? వెనక ఇంకోటుందా? అది రోడ్డు మీదికి తెరుచుకుంటుందా? పొద్దుటి నుంచి అక్కడే ఉండి కూడా నాకు తెలీదు.

వాడు ఎక్కడికీ పోలేదు. హాల్లో ఫూకో లోలకం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. 1851లో పారిస్‌లో ఫూకో అనే శాస్త్రవేత్త 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు వేలాడదీసి, భూమి తిరుగుతోందని జనానికి కళ్లారా చూపించాడే, అలాంటిదే చిన్నది. గుండు ఊగుతూ ఊగుతూ, చుట్టూ నిలబెట్టిన పుల్లల్ని ఒక్కొక్కటే పడగొడుతుంది. కింద భూమి తిరుగుతుంటే ఊగే దిశ మెల్లగా మారుతున్నట్టు కనిపిస్తుంది, అందుకే పుల్లలు పడతాయి. ఆ దిశ ధ్రువాల దగ్గరైతే దాదాపు 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఇంకా నెమ్మది. పుల్ల పడాలంటే ఓపిగ్గా కూర్చోవాలి. నేను దానికిచ్చింది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో ఒక్క పుల్లా పడలేదు. "పదండి, పదండి, ఇంకా రెండు హాళ్లున్నాయి" అని తోలుకుపోయాను. వీడు ఎప్పుడు జారుకుని మళ్లీ అక్కడికే వెళ్లాడో నేను చూడలేదు. పక్కనే వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో తాళాలగుత్తి. మూసే వేళ దాటినా పిల్లాణ్ణి లేపలేక ఆయనా గుండునే చూస్తున్నాడు.

నన్ను చూడగానే వాడి మొహం ఇంతయింది. "మేడమ్, పడింది!" అన్నాడు.

చెంప మీద కొట్టాను.

ఈ సంగతి మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. తప్పిపోయాడు, దొరికాడు అన్నంత వరకే చెప్పాను. ఆ రోజు అంతమందిలో భూమి తిరగడం చూసినవాడు వాడొక్కడే, దెబ్బ తిన్నదీ వాడే. తిరుగు దారిలో సీసా ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తప్పు నాదిరా అని చెప్పడానికి నాకు వారం పట్టింది. "పరవాలేదు మేడమ్" అన్నాడు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

కాబట్టి తలలు లెక్కపెట్టి బస్సు కదపకు. పేరు పిలువు, పిల్లవాడు నోటితో పలకాలి, నువ్వు వాడి మొహం చూడాలి, అప్పుడు టిక్కు పెట్టు. ఎక్కిన ప్రతిసారీ. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఎవరైనా తమ పిల్లల్ని తెచ్చుకుంటే ఆ పేర్లూ జాబితాలోకి ఎక్కాలి. ఎనిమిదేసి మందికి ఒక పెద్దవాళ్లు ఉండేలా చూడు, అంటే నీకు ఆరుగురు కావాలి. ఇద్దరిద్దరికి జత కట్టు, జతగాడు కనపడకపోతే అరవడమే వాళ్ల పని అని చెప్పు. జాబితా కాగితం మీదే ఉండాలి, ఫోను చార్జింగు దిగిపోతుంది. ఒక ప్రతి నీ జేబులో, ఒకటి ఇంకో టీచరు దగ్గర, ఒకటి స్కూల్లో.

ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్లు, మందులు నీ భుజం సంచీలో ఉండాలి, బస్సులో కాదు. మీరు దిగగానే బస్సు ఎక్కడో దూరాన పార్కింగుకి పోతుంది. దిగినవాళ్లెవరూ బస్సు ముందు నుంచి రోడ్డు దాటకూడదు, బస్సు ముక్కు కిందున్న పొట్టి పిల్లలు డ్రైవరుకి కనపడరు. వాంతులయ్యేవాళ్లని ముందు వైపు కూర్చోబెట్టు, పుస్తకం, ఫోను చూడనివ్వకు, దూరంగా బయటికి చూడమను. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, కళ్లు లేదంటాయి, ఆ తగువే కడుపు తిప్పడం. సంచులు అందుబాటులో పెట్టు. ఎమర్జెన్సీ తలుపు బయల్దేరే ముందు నీ చేత్తో తెరిచి చూడు, తర్వాత దానికి బ్యాగులు అడ్డం పెట్టనివ్వకు. సుత్తి ఉంటే, అద్దాన్ని మధ్యలో కాదు, మూల దగ్గర కొట్టాలని మిగతా టీచర్లకి చెప్పు. ఇవన్నీ నా భయాలేలే, నవ్వుకో, కానీ చెయ్యి.

డ్రైవరు గురించి ఒక్క మాట. ముందు రాత్రి పడుకున్నాడా అని అడగడానికి మొహమాటపడకు. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలని చట్టమే ఉంది. నువ్వు రెండు గంటలకే ఆపించు. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 16 మీటర్ల పైమాటే. ఆలస్యమైందని తొందరపెట్టేది సాధారణంగా మనమే, డ్రైవరు కాదు. అందుకే తల్లిదండ్రులకి చేరే వేళ అరగంట ఎక్కువే చెప్పు.

తిరిగొచ్చాక అందరూ దిగిన తర్వాత చివరి సీటు దాకా నువ్వే నడు. వంగి సీట్ల కింద కూడా చూడు. అలిసిపోయిన పిల్లలు అక్కడే నిద్రపోతారు, ఎండలో మూసిన బండి పది నిమిషాల్లోనే భగ్గుమంటుంది.

నీ ప్లాను కాగితం మీద మూడు చోట్లు కొట్టేసి మీ అమ్మకి తిప్పి పంపాను, కోపం తెచ్చుకోకు. మ్యూజియం ఉంచాను. అక్కడ లోలకం ఉంటే, దాని దగ్గర ఒక పూట కూర్చోనీ వాళ్లని.

ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. అందరూ వచ్చేశారు అంటే ఒప్పుకోను. 48 పేర్లూ చదువు, వింటాను.

మీ పెద్దమ్మ