పారిష్‌లో పేరు రాయించుకోవాలా? కానుక ఎంత వెయ్యాలి? కొత్తగా అమెరికా వచ్చిన మన కథోలికుల కోసం

ఈ మధ్య కొత్తగా వచ్చిన ఒక జంట అడిగారు, అక్కా మేం ప్రతి ఆదివారం పూజకి వెళ్తూనే ఉన్నాం కదా, మళ్ళీ పారిష్‌లో, అంటే మన ప్రాంతపు చర్చిలో, ఆ రిజిస్ట్రేషన్ ఫారం ఎందుకు, అది నింపితే నెలనెలా ఇంత కట్టమని బిల్లు పంపిస్తారా అని. ఈ భయం నాకు బాగా తెలుసు, నేనూ ఇదే భయంతో ఐదేళ్ళు ఆ ఫారం ముట్టుకోలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు నాకు జరిగింది చెప్తాను. మా చెల్లెలికి పాప పుట్టింది, వాళ్ళుండేది వేరే రాష్ట్రం, జ్ఞానస్నానానికి నన్ను జ్ఞానతల్లిగా ఉండమన్నారు. వాళ్ళ చర్చి వాళ్ళేమో మీ పారిష్ నుంచి స్పాన్సర్ సర్టిఫికెట్, అంటే జ్ఞానతల్లిగా ఉండడానికి తగినదాన్నని మా ఫాదర్ గారు సంతకం పెట్టిన కాగితం, తెచ్చుకోమన్నారు. సరే అని మా పారిష్ ఆఫీసుకి వెళ్ళా. అక్కడున్నావిడ మా ఇంటిపేరు టైప్ చేసింది, స్పెల్లింగ్ మార్చి ఇంకోసారి చేసింది, మా ఆయన పేరు కొట్టి చూసింది, చివరికి స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది, ఖాళీ. ఐదేళ్ళుగా ఎడమవైపు నాలుగో వరసలో కూర్చుంటున్నానండీ అన్నాను, అంటుంటేనే కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. ఫాదర్ గారు బయటికొచ్చి నన్ను చూడగానే గుర్తుపట్టారు గానీ ఆ పారిష్ రూలు ప్రకారం పేరు రాయించుకున్నాక మూడు నెలలు ఆగితే గానీ సంతకం పెట్టరట, పాప జ్ఞానస్నానం తేదీ నా వల్ల వెనక్కి జరిగింది.

అసలు శ్రీసభ చట్టం (కానన్ లా) చూస్తే పారిష్ అనేది మామూలుగా హద్దులున్న ఒక ప్రాంతం, ఆ హద్దుల్లో కాపురం ఉన్న కథోలికులందరూ దానికి చెందినవాళ్ళే, ఫారం నింపినా నింపకపోయినా. భాషని బట్టో పూజావిధిని బట్టో ఏర్పడే పారిష్‌లు కూడా ఉంటాయి, అది వేరే సంగతి. కానీ ఇక్కడ ఆఫీసు వాళ్ళకి మీరు ఉన్నారని తెలిసే దారి ఆ ఫారమే. పెళ్ళికి పేపర్లు, పిల్లల భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), జ్ఞానతల్లిదండ్రులకి సర్టిఫికెట్, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఫాదర్ గారిని పిలిపించుకోవడం, అన్నిటికీ ముందు చూసేది ఆ రికార్డే. అందుకని ఇల్లు దొరికిన మొదటి నెలలోనే వెళ్ళి నింపేయండి. బిల్లు రాదు, ఎవరూ ఫోన్ చేసి డబ్బులడగరు.

వచ్చేది కానుక వేసే కవర్ల పెట్టె. ఒక్కో ఆదివారానికి ఒక్కో కవరు, మీద తేదీ, మీకిచ్చిన నంబరు ఉంటాయి. ఇప్పుడు చాలా చోట్ల ఆన్‌లైన్ గివింగ్ కూడా ఉంది, అకౌంట్ నుంచి దానంతటదే వెళ్ళేలా పెట్టుకోవచ్చు. ఆ నంబరు మిమ్మల్ని కనిపెట్టడానికి కాదు, ఏడాది చివర మీరెంత ఇచ్చారో లెక్క రాసి పంపడానికి. ట్యాక్స్ ఫైలింగ్‌లో విరాళాలు చూపించాలంటే ఆ లెక్క కావాలి, ఒకేసారి 250 డాలర్లు గానీ అంతకి మించి గానీ ఇస్తే చర్చి నుంచి రాతపూర్వకమైన రసీదు లేకుండా చూపించడానికి లేదు. బుట్టలో విడిగా వేసిన నోటుకి ఏ లెక్కా ఉండదు, నా ఐదేళ్ళ కానుకలూ అలాగే పోయాయి, అంటే దేవుడికి తెలుసు గానీ కాగితం మీద లేదు.

ఎంత వెయ్యాలి అన్నదానికి వద్దాం, ఎక్కువమంది మొహమాటపడేది ఇక్కడే. పదో వంతు ఇవ్వాలని కథోలిక శ్రీసభ చట్టంలో ఎక్కడా లేదు. ఆ కానన్ లాలోని చట్టం 222 చెప్పేదల్లా శ్రీసభ అవసరాలకి, అంటే పూజకి, ధర్మకార్యాలకి, పనిచేసేవాళ్ళ జీవనానికి, విశ్వాసులు సాయపడాలి అని. అది బాధ్యతే, కానీ అంకె మీ మనస్సాక్షికి వదిలేసింది. అప్పులు తీర్చుకుంటూ ఇంటికి డబ్బు పంపుకుంటూ ఉన్నవాళ్ళు చిన్న మొత్తంతో మొదలుపెట్టండి, సిగ్గుపడక్కర్లేదు. డబ్బు లేదని ఎవరికీ సంస్కారాలు ఆపకూడదని కూడా చట్టం 848లోనే ఉంది, పూజ చేయించుకోవడానికి ఇచ్చుకోలేని వాళ్ళ కోసం ఊరికే అయినా పూజ చెయ్యమని గురువులకి మరో చోట గట్టిగా చెప్పింది.

అయితే ఒక మాట. ఇక్కడి ప్రభుత్వం చర్చిలకి జీతాలివ్వదు, రోమ్ నుంచి పారిష్‌కి డబ్బు రాదు, పైగా పారిష్ వసూళ్ళలోంచే కొంత మేత్రాసనానికి, అంటే బిషప్ గారి డయోసీస్‌కి, వెళ్తుంది. జర్మనీలో ఉన్న మనవాళ్ళకి లెక్క వేరు, అక్కడ ఊళ్ళో పేరు నమోదు చేసుకునేటప్పుడు కథోలికులమని రాస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ మీద ఇంకో 8 లేక 9 శాతం చర్చి పన్నుగా జీతంలోనే పట్టేస్తారు. అమెరికాలో అలాంటిదేమీ లేదు కాబట్టి బుట్టలో పడేదే ఆధారం.

మా ఆయనది అకౌంట్స్ ఉద్యోగం, రిజిస్టర్ అయిన రెండేళ్ళకి పారిష్ డబ్బు వ్యవహారాలు చూసే ఫైనాన్స్ కౌన్సిల్‌లోకి రమ్మన్నారు. ప్రతి పారిష్‌కీ అది ఉండి తీరాలి, చట్టం 537. పారిష్ సేవా పనుల గురించి మాట్లాడే పాస్టరల్ కౌన్సిల్ మాత్రం బిషప్ గారు అవసరం అనుకుంటేనే, అది సలహా చెప్తుంది, అంతే. మొదటి మీటింగ్ నుంచి వచ్చి ఈయన అన్నం ముందు కూర్చుని కదలకుండా ఉండిపోయారు. సెలవుల్లో సగం మంది ఊళ్ళు వెళ్తే వసూళ్ళు పడిపోతాయట, ఇన్సూరెన్స్, కరెంటు, స్టాఫ్ జీతాలు మాత్రం ఒక్క డాలరు తగ్గవు. ఆ చలికాలం బాయిలర్ పాడైతే రెండు వారాలు కోట్లు విప్పకుండా పూజ విన్నాం, ఫాదర్ గారి నోట్లోంచి ఆవిరి రావడం ముందు వరసల వాళ్ళకి కనబడేది. పండగనాడు ఒకేసారి పెద్ద నోటు వేసేదానికన్నా వారం వారం తప్పకుండా వచ్చే చిన్న మొత్తం పారిష్‌కి ఎందుకు ముఖ్యమో నాకు అప్పుడు తెలిసింది. మీ డబ్బు ఎటు పోయిందని అడిగే హక్కు కూడా మీకుంది, కానుకల లెక్క విశ్వాసులకి చెప్పాలని, ఒక పని కోసం ఇచ్చింది ఆ పనికే వాడాలని చట్టంలో రాసుంది. ఏడాదికోసారి వచ్చే లెక్కల కాగితాన్ని మడిచి పడేయకుండా చదవండి.

రెండో కలెక్షన్ అని బుట్ట మళ్ళీ వస్తే కంగారుపడకండి, అది వేరే పనికి. జూన్ చివర పోపు గారి ధర్మకార్యాలకి, అక్టోబరులో చివరి నుంచి రెండో ఆదివారం ప్రపంచ మిషన్లకి, అలా. వీలైతే వెయ్యండి, లేకపోతే దండం పెట్టుకుని పక్కకి అందించండి.

ఇక సేవ గురించి. రెండో వాటికన్ మహాసభ 1964లో శ్రీసభ మీద ఇచ్చిన పత్రంలో గృహస్థ క్రైస్తవులు, అంటే గురువులూ మఠవాసులూ కాని మనలాంటి విశ్వాసులు, జ్ఞానస్నానం వల్లే క్రీస్తు యాజక, ప్రవక్త, రాజ కార్యంలో పాలుపొందుతారని ఉంది. ఆ మాట ఇక్కడ పనిలో కనబడుతుంది, పఠనాలు చదివేది, దివ్యసత్ప్రసాదం పంచడంలో సాయం చేసేది, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళేది, పిల్లలకి సత్యోపదేశం చెప్పేది, పేదలకి సరుకులు సర్దేది అంతా మనలాంటి వాళ్ళే. పిల్లలతో పనిచెయ్యాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్, చిన్న ట్రైనింగ్ ఉంటాయి, 2002లో ఇక్కడి బిషప్పులు తెచ్చిన పద్ధతి అది, అందరికీ ఒకటే, మనల్ని అనుమానించి కాదు. వర్క్ పర్మిట్ లేని డిపెండెంట్ వీసా మీద ఉన్న చెల్లెళ్ళు జీతం లేని సేవ చెయ్యొచ్చు, డబ్బిచ్చే పని మాత్రం పారిష్‌లో అయినా ఒప్పుకోకండి.

నా ఇంగ్లిష్ యాసకి భయపడి చదవనన్నాను. అయినా వినకుండా పెంతెకోస్తు పండగ మొదటి పఠనం ఇచ్చారు, పార్తీయులు, మేదీయులు, ఫ్రిజియా, పంఫీలియా అని నోరు తిరగని పేర్లన్నీ అందులోనే. ఒక పెద్దావిడ మూడు సాయంత్రాలు ఖాళీ చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, మళ్ళీ చదువమ్మా, ఇక్కడిదాకా వినబడట్లేదు అంటూ చదివించింది. ఒక్కొక్కరూ తమ తమ భాషలో విన్నారు అనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ప్రతిసారీ ఆగిపోయేది. ఆదివారం ఆగలేదు.

చివరిగా, ఉద్యోగం మారి ఊరు మారితే పాత ఆఫీసుకి చెప్పి వెళ్ళండి, కొత్త పారిష్‌కి మీ పేరు దానంతటది వెళ్ళదు, అక్కడ మళ్ళీ ఫారం నింపాల్సిందే. ఆన్‌లైన్ గివింగ్ పెట్టుకున్నవాళ్ళు పాతది ఆపడం మర్చిపోకండి. మా చెల్లెలి పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, మొన్న దివ్యసత్ప్రసాదం తీసుకుంది, నేను పక్కనే నిలబడ్డా.