వాల్‌నట్స్ తింటే కొలెస్ట్రాల్ నిజంగా తగ్గుతుందా?

రోజూ వాల్‌నట్స్ తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందా, జ్ఞాపకశక్తి పెరుగుతుందా అని అడిగారు. మూడేళ్లుగా తింటున్నాను కాబట్టి నాకు ఎదురైంది చెప్తాను.

రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 150 దాటిందని తెలియగానే టెన్షన్ పట్టుకుని, పొద్దునో గుప్పెడు, సాయంత్రమో గుప్పెడు తినడం మొదలుపెట్టాను. టీతో బిస్కెట్లు మాత్రం మానలేదు. మూడు నెలలకు రెండు కిలోలు పెరిగాను, ఎల్‌డీఎల్ అక్కడే ఉంది. అప్పుడు డాక్టర్ గారు, "వీటిని దేని బదులు తింటున్నారు?" అని అడిగారు. దేని బదులూ కాదు. అన్నీ తిని, వాటి మీద ఇవీ తింటున్నాను. అసలు తప్పంతా అక్కడే ఉంది.

28 గ్రాములు, అంటే దాదాపు 14 బద్దలు, తింటే 185 క్యాలరీలు వస్తాయి. అందులో 18 గ్రాములు కొవ్వే. మంచి కొవ్వే అయినా క్యాలరీలు క్యాలరీలే కదా. అందుకని బిస్కెట్లు పూర్తిగా మానేసి, ఆ వేళకు 14 బద్దలు లెక్కపెట్టి తినడం మొదలుపెట్టాను. తర్వాతి పరీక్షలో ఎల్‌డీఎల్ కొంత తగ్గింది. అప్పటికి రోజూ నడుస్తున్నాను కూడా, కాబట్టి ఫలితమంతా వాల్‌నట్స్‌దే అనను. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో పెద్ద వయసువాళ్లు రెండేళ్లు తింటే ఎల్‌డీఎల్ సగటున 4 పాయింట్లే తగ్గింది. అందుకే దయచేసి వీటిని నమ్ముకుని మందులు ఆపకండి.

ఇక జ్ఞాపకశక్తి సంగతి. చూడ్డానికి మెదడులా ఉంటుంది కాబట్టి మెదడుకు మంచిదంటారు. అదే అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఆ రెండేళ్లలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మెదడుకు మంచిదని చెప్పే ఒమేగా-3 అనే కొవ్వు ఉన్న మాట నిజమే, కానీ చేపల్లో ఉండే రకం వేరు. వాల్‌నట్స్‌లోది ఒంట్లో ఆ రకంగా మారేది చాలా తక్కువ.

పప్పు మీది పల్చటి పొర చేదుగా ఉందని గీకేయకండి, పాలీఫినాల్స్ అనే, మొక్కల్లో ఉండే మేలుచేసే పదార్థాలు ఎక్కువగా ఉండేది అందులోనే. ఆ చేదు వేరు, పాడైన పప్పు చేదు వేరు. ఒకసారి బయట పెట్టి మర్చిపోయిన డబ్బా తెరిస్తే పాత పెయింట్ వాసన కొట్టింది, తింటే గొంతులో గరగర. అప్పట్నుంచి గాలి తగలని డబ్బాలో ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాను.

మొదటిసారి తినేవాళ్లయితే ఒక్క బద్దతో మొదలుపెట్టండి. నోరు దురద పెట్టినా, పెదాలు వాచినా వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. ఊపిరి ఆడకపోతే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.