గుట్ట చాటు రేడియో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్రైస్తవ రేడియో ప్రసారాల గురించి ఈ నెల మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటిలోనూ అడిగినది ఒక రకంగా ఒకే ప్రశ్న: ఒక కేంద్రం గొంతు ఎంత దూరం వినబడుతుంది, దాన్ని ఇంకా దూరం వినిపించాలంటే ఏం చేయాలి? అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక చిన్న పట్టణంలో ఉంటున్నది. అక్కడి క్రైస్తవ ఎఫ్‌ఎం కేంద్రం వారు తమ ప్రసార శక్తిని 6 కిలోవాట్ల నుంచి 25 కిలోవాట్లకు పెంచుకుంటున్నామని, అందుకు శ్రోతలు కానుకలు పంపాలని రోజూ చెబుతున్నారట. శక్తి నాలుగింతలైతే వినబడే దూరం కూడా నాలుగింతలవుతుందా? కానుక పంపవచ్చునా?
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: నాలుగింతలు కాదండీ, ఒకటిన్నర ఇంతలు కూడా కాదు. పొలం గట్టున ఒక పెట్రోమాక్స్ దీపం ఉన్నచోట నాలుగు పెట్టామనుకోండి. అంతకుముందున్న వెలుతురే ఇప్పుడు రెండింతల దూరాన దొరుకుతుంది గాని నాలుగింతల దూరాన దొరకదు. ఎఫ్‌ఎం విషయంలో ఆ రెండింతలు కూడా దక్కవు. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే తిన్నగా సాగుతాయి కనుక, భూమి వంపు తిరిగిన చోట ఎన్ని వాట్లు పోసినా ఫలితం తగ్గిపోతుంది.

అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఎఫ్‌ఎం కేంద్రాలను తరగతులుగా విభజించింది. 6 కిలోవాట్ల శక్తితో, పరిసరాలకంటే 100 మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్న కేంద్రం ‘క్లాస్ ఎ’ అవుతుంది. స్పష్టంగా వినబడే పరిధిగా దానికి లెక్కగట్టిన దూరం 28 కిలోమీటర్లు. అదే ఎత్తు నుంచి 25 కిలోవాట్లతో ప్రసారం చేస్తే అది ‘క్లాస్ సి3’, పరిధి 39 కిలోమీటర్లు. ఈ లెక్కను మన జిల్లా మీద పరచి చూడండి. నల్లగొండ నడిబొడ్డున అలాంటి కేంద్రం ఉందనుకుంటే మొదటిది నకిరేకల్ దాటి కొద్ది దూరంలోనే బలహీనపడుతుంది. రెండవది మీ మిర్యాలగూడను అంచున తాకుతుంది. 50 కిలోవాట్లకు పెంచి, ఏరియల్‌ను 150 మీటర్లకు ఎత్తినా పరిధి 52 కిలోమీటర్లే కనుక దేవరకొండకు కాస్త ఇవతలనే ఆగిపోతుంది. అయితే 28 నుంచి 39కి పెరిగితే విస్తీర్ణం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, ఆ కొత్త భాగంలో ఊళ్లు ఎక్కువగా ఉంటే ఆ ఖర్చు దండగ కాదు. అడవో, బీడో ఉంటే మాత్రం వారు కొత్తగా సంపాదించుకునేది కరెంటు బిల్లే.

అందుకే అక్కడి అనుభవజ్ఞులైన ఇంజనీర్లు వాట్లకంటే ముందు ఏరియల్‌ను నిలిపే స్తంభం ఎత్తును, అది నిలిచే చోటును చూస్తారు. ఎటుపడితే అటు పెంచడానికి కూడా వీలుండదు. అదే ఫ్రీక్వెన్సీలోనూ, పక్క ఫ్రీక్వెన్సీలలోనూ ఉన్న ఇతర కేంద్రాలకు అడ్డు రాకుండా లెక్కలు చూపించి, నిర్మాణ అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి మూడేళ్లు చెల్లుతుంది, ఆలోగా కట్టకపోతే రద్దవుతుంది. ఇందులో నాకు ఎప్పుడూ ఇబ్బందిగా తోచే సంగతి ఒకటి ఉంది. ఆ దేశంలో 2000 సంవత్సరం నుంచి 100 వాట్ల చిన్న కేంద్రాలను కూడా అనుమతిస్తున్నారు. సుమారు 5.6 కిలోమీటర్ల మేర వినబడే ఈ కేంద్రాలలో చర్చిలు నడిపేవి చాలానే ఉన్నాయి. నిబంధనల ప్రకారం వీటిది రెండవ శ్రేణి. పెద్ద కేంద్రం తన పరిధి పెంచుకుంటే చిన్నది సర్దుకోవాలి, లేదా వేరే ఫ్రీక్వెన్సీ వెతుక్కోవాలి. ఒక సంఘం గొంతు పెంచుకోవడం వల్ల పక్క సంఘం గొంతు మూగబోయే అవకాశం ఉందన్న మాట.

కానుక విషయానికి వస్తే, పంపడంలో తప్పేమీ లేదు. నిర్మాణ అనుమతి ఇప్పటికే చేతికి వచ్చిందా, స్తంభం సొంతమా అద్దెదా అని అమ్మాయిని ముందుగా అడగమనండి. అనుమతుల వివరాలు ఎఫ్‌సీసీ దస్తావేజులలో ఎవరైనా చూసుకునేటట్లు బహిరంగంగానే ఉంటాయి.

ప్రశ్న: నేను పాస్టరును. ఆన్‌లైన్‌లో 15 వాట్ల ఎఫ్‌ఎం యంత్రాలు అమ్ముతున్నారు. ఒకటి కొని చర్చి పైకప్పు మీద పెట్టి, ఆదివారం ఆరాధనను చుట్టుపక్కల ఊళ్లకు వినిపించవచ్చునా? చర్చి పేరిట లైసెన్సు దొరుకుతుందా?
(ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: దయచేసి ఆ యంత్రాన్ని కొనవద్దు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే 1933 నాటి వైర్‌లెస్ చట్టం నిషేధించింది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అనుమతి లేని ప్రసారాన్ని సహించదు. అంగడిలో దొరుకుతున్నదంటే వాడుకోవచ్చునని అర్థం కాదు.

ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సుకు మన దేశంలో మత సంస్థలు అనర్హమైనవి. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా నిబంధన ఒక్కటే. మిగిలిన దారి కమ్యూనిటీ రేడియో. దాని నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లుగా పనిచేస్తున్న రిజిస్టర్డ్ స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాల వంటివి దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లు, ఏరియల్ ఎత్తు 30 మీటర్లు మించరాదు. అమెరికా కేంద్రం మాదిరిగా 25 కిలోవాట్లకు పెంచుకునే వీలు ఇక్కడ లేదు.

కేరళలోని వయనాడ్‌లో మానంతవాడి కథోలిక మేత్రాసనానికి (బిషప్ పాలనలోని చర్చి ప్రాంతానికి) చెందిన సామాజిక సేవా సంస్థ 2009 నుంచి ‘రేడియో మాట్టొలి’ని నడుపుతున్నది. అందులో వినిపించేది ఉపదేశం కాదు. సాగు ముచ్చట్లు, ఆరోగ్యం, అక్కడి ఆదివాసుల భాషలలో కార్యక్రమాలు. మన రాష్ట్రంలోనే జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోను దళిత మహిళలు నడిపించారు. మీ సంఘానికి అనుబంధంగా అలాంటి సేవా సంస్థ ఉండి, ఊరి అవసరాలే కార్యక్రమాలుగా చేయగలిగితే దరఖాస్తు పెట్టుకోండి. ఆరాధనను వినిపించడమే ఉద్దేశమైతే కమ్యూనిటీ రేడియో మీకు తగిన వేదిక కాదని నా అభిప్రాయం. ఆ పనికి సెల్‌ఫోన్‌లో ప్రత్యక్ష ప్రసారం చాలు.

అనుమతి వచ్చినా గుట్టలను మరవవద్దు. 30 మీటర్ల ఎత్తు నుంచి చదునైన నేల మీద చూపు ఆనే మేర సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది గాని, 100 వాట్లతో స్పష్టంగా వినబడేది పది కిలోమీటర్ల లోపే. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఒకవైపు, కాపురాల గుట్ట ఒకవైపు ఉన్నట్లే, మీ ఊరిలోనూ కోట ఉన్న గుట్టలు ఉన్నాయి. గుట్ట వెనుక ఊరికి వాన నీడ ఉన్నట్లే రేడియో నీడ కూడా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మ శ్రీలంక నుంచి వచ్చే తెలుగు క్రైస్తవ కార్యక్రమాలను రాత్రిపూట వింటుంది. పగలు ఆ చోట ఏమీ రాదు. ఈ మధ్య రాత్రి కూడా గరగర ఎక్కువైంది. ఇదివరకు సీషెల్స్ దీవుల నుంచి కూడా వచ్చేవట, అవి ఏమైనాయి?
(ఒక పాఠకురాలు, అచ్చంపేట)

జవాబు: చివరి ప్రశ్న ముందు. ఫెబా రేడియో అనే క్రైస్తవ సంస్థ వారి సీషెల్స్ షార్ట్‌వేవ్ (దూరదేశాలకు చేరే రేడియో తరంగాల) కేంద్రం 1970లో మొదలై 2003లో మూతపడింది. మనీలా నుంచి కథోలికుల రేడియో వెరితాస్ ఆసియా కూడా 2018లో షార్ట్‌వేవ్ ఆపి ఇంటర్నెట్‌కు మారింది.

మీ అమ్మగారు వింటున్నది ట్రాన్స్ వరల్డ్ రేడియో అనే క్రైస్తవ ప్రసార సంస్థ వారికి శ్రీలంకలో ఉన్న పుత్తళం కేంద్రం కావచ్చు. అది మీడియం వేవ్‌లో 882 కిలోహెర్ట్జ్ మీద, 400 కిలోవాట్లతో ప్రసారం చేస్తుంది. మీ ఊరికి అది 900 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం నేలను అంటుకుని రాలేని తరంగాలు ఆకాశంలోని విద్యుదావేశపు పొరలకు తగిలి తిరిగి కిందికి దిగుతాయి. పగటి ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఇంకొక పొర ఏర్పడి వాటిని మధ్యలోనే మింగేస్తుంది. పొద్దు గూకితే ఆ పొర కరిగిపోతుంది. కేంద్రం వారు శక్తి రెట్టింపు చేసినా మీకు మధ్యాహ్నం వినబడదు.

గరగర మాత్రం చాలావరకు ఇంట్లోదే అయి ఉంటుంది. నాగర్‌కర్నూలులో మా పిన్ని ఇంట ఇదే బాధ వస్తే, ఒక రాత్రి ఒక్కొక్క ప్లగ్గు పీకుతూ పోయాను. ఎల్ఈడీ బల్బు ఆపితే కాస్త తగ్గింది, ఫ్రిజ్ ఆపితే ఏమీ మారలేదు; గోడకు ఊరికే వేలాడుతున్న సెల్ చార్జరు తీయగానే పాట తేటగా వినబడింది. రేడియో వెనుక మూత తీస్తే రాగితీగ చుట్టిన నల్లని కడ్డీ ఒకటి పొడవునా అడ్డంగా కనబడుతుంది. మీడియం వేవ్‌కు ఏరియల్ అదే. పైకి లాగే స్టీలు కడ్డీతో దీనికి పని లేదు. ఆ నల్లని కడ్డీ కొన కేంద్రం వైపు ఉంటే ధ్వని పడిపోతుంది, పక్క భాగం అటు తిరిగితే పెరుగుతుంది. అచ్చంపేటకు పుత్తళం దాదాపు తిన్నగా దక్షిణాన, శ్రీశైలం దిక్కుకు కాస్త కుడిగా ఉంటుంది. అమ్మగారి రేడియోను పిట్టగోడ మీద తూర్పు పడమరలుగా పొడవు వచ్చేటట్లు ఉంచి, అక్కడి నుంచి వేలెడు వేలెడు తిప్పి చూడండి.