బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఒక్క సెమిస్టర్ కోసం వెళ్లడం మంచిదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నారు, బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీకి ఒక సెమిస్టర్ ఎక్స్‌ఛేంజ్ వచ్చింది. వేలమంది చదివే చోట మనల్ని ఎవరూ పట్టించుకోరేమో, మార్కులు పోతాయేమో అని టెన్షన్. ఇంట్లోవాళ్లేమో ఐదారు నెలల కోసం అంత ఖర్చు ఎందుకంటున్నారు.

వెళ్లండి. నేను 2023 అక్టోబర్‌లో మద్రాస్ ఐఐటీలో ఎంటెక్ మధ్యలో అక్కడికే వెళ్లి, వింటర్ సెమిస్టర్ మొత్తం ఉండి వచ్చాను. మాది తెనాలి దగ్గర పల్లె. అంతకుముందు విమానం ఎక్కి ఎరగను. మీరు రాసిన భయాలన్నీ నాకూ ఉండేవి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఎవరూ పట్టించుకోరన్న మీ భయం నిజమే. అక్కడ 30 వేల పైచిలుకు విద్యార్థులు. కౌన్సెలర్, వార్డెన్, హెచ్‌ఓడీ అంటూ మన వెంట పడేవాళ్లు ఉండరు. నేను తీసుకున్న లెక్చర్లలో ఒక్కదానికీ హాజరు వేయలేదు. 75 శాతం అటెండెన్స్ లెక్కల మధ్య పెరిగిన మనకు మొదట అది స్వేచ్ఛగా అనిపిస్తుంది. పది రోజులు పోయాక, మనం కనబడకపోయినా అడిగే దిక్కు లేదని తెలిసి గుబులు పుడుతుంది. కానీ వెళ్లి అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెబుతారు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత నాకు అక్కడే ఒంటబట్టింది. అడిగితే తెలియనివాళ్లమని అనుకుంటారేమోనని మనం జంకుతాం. ఆ జంకు ఎంత తొందరగా వదిలితే మీ సెమిస్టర్ అంత బాగుంటుంది.

యూ2 మెట్రో లైన్‌లో ఎర్న్‌స్ట్ రాయిటర్ ప్లాట్జ్ స్టేషన్‌లో దిగి పైకొస్తే చాలు, యూనివర్సిటీలో ఉన్నట్టే. ఆర్చి, గేటు, వాచ్‌మన్ ఏమీ ఉండవు. ఊరూ యూనివర్సిటీ కలగలిసిపోయి ఉంటాయి, మధ్యలోంచి పెద్ద రోడ్డు. ఆ రోడ్డు పేరు ‘జూన్ 17 వీధి’. 1953లో తూర్పు జర్మనీలో కార్మికులు ప్రభుత్వం మీద తిరగబడ్డ రోజు అది. రోడ్డుకు ఒక పక్క మెయిన్ బిల్డింగ్, ఎదురుగా మ్యాథ్స్ బిల్డింగ్. మెయిన్ బిల్డింగ్‌ను ముందు నుంచి చూస్తే 1960ల నాటి సాదా కట్టడం, వెనక్కి వెళితే పాత రాతి గోడలు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు ముందు భాగం దెబ్బతింటే దాని స్థానంలో కొత్తది కట్టారు. కోన్‌రాడ్ త్సూజె సివిల్ ఇంజనీరింగ్ చదివింది ఇక్కడే. తర్వాత ఆయన తొలి తరం కంప్యూటర్లు తయారుచేశాడు. ఎర్న్‌స్ట్ రుస్కా 1931లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద పనిచేసిందీ ఇక్కడే, ఆ పనికి నోబెల్ వచ్చేసరికి 1986 అయింది. నాన్నకు ఫోన్‌లో ఇవన్నీ చెబుతుంటే, మద్రాస్ ఐఐటీ కూడా 1959లో పశ్చిమ జర్మనీ సాయంతోనే మొదలైంది కదా అని ఆయనే గుర్తుచేశారు.

గదుల నంబర్లు మొదటి వారం తికమక పెడతాయి. హెచ్ 0104 అంటే మెయిన్ బిల్డింగ్, ఎంఏ 001 అంటే మ్యాథ్స్ బిల్డింగ్. టైమ్‌టేబుల్‌లో 10 అని ఉంటే క్లాసు 10:15కి మొదలవుతుంది. ఆ పావుగంట అక్కడ పాత ఆచారం. అది తెలియక మొదటిరోజు 9:50కి వెళ్లి, ఖాళీ హాలు చూసి, గది తప్పనుకుని మెట్లెక్కి దిగి తిరిగాను. చివరికి ఊడుస్తున్న ఒకావిడ గడియారం చూపించి, వేళ్లతో పదిహేను అని సైగ చేసింది. క్లాసు అయిపోగానే రెండొందల మంది బల్లల మీద పిడికిళ్లతో టకటకా కొట్టారు. గొడవేమో అనుకున్నాను, అదే వాళ్ల చప్పట్లట.

ఇక అసలు విషయం. నేను తీసుకున్న ఒక సబ్జెక్టులో ప్రతి వారం హోంవర్క్ ముగ్గురు కలిసి ఒక జట్టుగా ఇవ్వాలి. ఎవరైనా పిలుస్తారేమోనని రెండు వారాలు ఎదురుచూశాను. ఎవరూ పిలవలేదు. మూడో వారం ట్యుటోరియం అయ్యాక, అంటే సీనియర్ విద్యార్థులు లెక్కలు చేయించే క్లాసు అయ్యాక, ఆ ట్యూటర్ దగ్గరికి వెళ్లి నాకు జట్టు లేదని చెప్పాను. అతను అక్కడికక్కడే గట్టిగా అరిచాడు, ఇద్దరే ఉన్న జట్టు ఏదైనా ఉందా అని. వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. రెండు వారాల బాధ అర నిమిషంలో తీరిపోయింది.

ఆ ఇద్దరిలో ఒకమ్మాయి బెర్లిన్‌లోనే నాయకోల్న్ అనే పేటలో పుట్టి పెరిగింది, వాళ్ల తాతలు టర్కీ నుంచి వచ్చారు. ఇంకొకబ్బాయిది తూర్పు జర్మనీలోని కాట్‌బుస్ అనే ఊరు. ప్రతి గురువారం ఫసానెన్ వీధిలోని లైబ్రరీలో కలిసేవాళ్లం. 2004లో కట్టిన పెద్ద లైబ్రరీ అది, పక్కనున్న కళల యూనివర్సిటీకి కూడా అదే. మొదటి రెండు గురువారాలు వాళ్లేం చెప్పినా తలూపాను. మూడోసారి ఆ అమ్మాయి పెన్ను నా చేతికిచ్చి, ఈ స్టెప్పు నుంచి కిందికి ఎలా వచ్చామో ఒకసారి చెప్పవా, నాకు పట్టు దొరకడం లేదు అంది. నేను తలూపిన స్టెప్పే అది. పెన్ను పట్టుకుని కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. చెవులు వేడెక్కిపోయాయి. నాకూ తెలియదని చివరికి చెప్పాను. ఆమె ఏమీ అనుకోలేదు. “అయితే ముగ్గురికీ తెలియదన్నమాట, మొదటి నుంచి చేద్దాం” అని కొత్త కాగితం తీసింది. గంటన్నర పట్టింది, ఒక మైనస్ గుర్తు దగ్గర పొరపాటు దొరికింది. నేను రెండు వారాలు తలూపకుండా ఉండుంటే ఆ పొరపాటు ముందే దొరికేది. ఆ తర్వాత అర్థం కాని చోటల్లా ఆగమని చెప్పడం నేర్చుకున్నాను. తెలియదని చెప్పడం అక్కడ చిన్నతనం కాదు. తెలిసినట్టు ఊరుకుంటేనే పక్కవాళ్లకు నష్టం.

ఈ అలవాటే ఫిబ్రవరిలో నన్ను కాపాడింది. ఒక సబ్జెక్టుకు రాత పరీక్ష లేదు, నోటి పరీక్ష మాత్రమే, అరగంట. ప్రొఫెసర్ గదిలో బల్ల మీద తెల్లకాగితాలు, రెండు పెన్నులు. పక్కన ఇంకొకాయన కూర్చుని నేను చెప్పేదంతా రాసుకుంటున్నాడు. ఏ టాపిక్‌తో మొదలుపెడదామని ప్రొఫెసర్ నన్నే అడిగారు. నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి వైవాల్లో, జవాబు ఖాయంగా తెలిస్తేనే నోరు తెరవాలన్నది మనకు అలవాటు. గురువారాలు గుర్తొచ్చి, ఇక్కడిదాకా తెలుసు, ఇక్కడి నుంచి ఈ రెండిట్లో ఏదో ఒకటి అవ్వాలి, ఎందుకంటే అంటూ పైకే ఆలోచించడం మొదలుపెట్టాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఒక చిన్న బొమ్మ గీశారు, దాంతో దారి దొరికింది. బయట ఐదు నిమిషాలు కూర్చోమని, మళ్లీ పిలిచి అప్పటికప్పుడే మార్కు చెప్పారు: 1.7. అక్కడ 1.0 అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ముందు ఈ లెక్క చెప్పి, తర్వాత మార్కు చెప్పండి. అమ్మ కంగారుపడకుండా ఉంటుంది.

ఒక పొరపాటు మాత్రం మీరు చేయొద్దు. ఐసిస్ అనే సైట్‌లో క్లాసుల నోట్స్, హోంవర్క్ ఉంటాయి. అందులో కోర్సుకు చేరితే పరీక్షకు నమోదు అయినట్టు కాదు, పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి. హోంవర్క్, ప్రాజెక్టు మార్కులు కలిసే సబ్జెక్టులకు ఆ గడువు సెమిస్టర్ మొదట్లోనే అయిపోతుంది. నేను ఒక సబ్జెక్టులో నాలుగు రోజులు ఆలస్యంగా తెలుసుకున్నాను, 30కి బదులు 24 క్రెడిట్లతో తిరిగొచ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. మొదటి వారంలోనే ప్రతి సబ్జెక్టు ట్యూటర్‌నూ ఒక్కటే అడగండి: పరీక్షకు ఎక్కడ, ఏ తేదీలోగా నమోదు చేసుకోవాలి?

మీరు బీటెక్ కాబట్టి ఇంకొకటి. అక్కడ బ్యాచిలర్స్ స్థాయి క్లాసులు చాలావరకు జర్మన్‌లోనే ఉంటాయి. ఇంగ్లీషులో చెప్పేవి ఎక్కువగా మాస్టర్స్ స్థాయిలో దొరుకుతాయి. మోసెస్ అనే సైట్‌లో ప్రతి కోర్సు వివరాల్లో భాష ఏదో రాసి ఉంటుంది, అది చూడకుండా లెర్నింగ్ అగ్రిమెంట్ మీద, అంటే అక్కడ ఏ కోర్సులు చదువుతారో రాసిచ్చే కాగితం మీద, సంతకం చేయొద్దు. ఆ క్రెడిట్లను ఇక్కడ ఎలా లెక్కేస్తారో మీ కాలేజీతో కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మి వెళ్తే తిరిగొచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఖర్చు సంగతి ఇంట్లో ఇలా చెప్పండి. ఎక్స్‌ఛేంజ్‌లో వెళ్లేవాళ్లకు అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని 300 యూరోల దాకా కట్టాను, ఊళ్లో మెట్రో, బస్సు, ట్రామ్ అన్నిటి టికెట్టూ అందులోనే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకు ఇంతని చూపించాలి. నేను వెళ్లినప్పుడు 934 యూరోలు, 2024 సెప్టెంబర్ నుంచి 992 చేశారు. అది ఫీజు కాదు, మన డబ్బే. అక్కడికెళ్లాక నెలనెలా మనకే వస్తుంది. నెలకు నా గది అద్దె 480 యూరోలు, ఇన్సూరెన్స్ సుమారు 120, మధ్యాహ్నం భోజనం మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో. శాకాహారులకు ఇబ్బంది లేదు, పూర్తిగా వీగన్ మెన్సా కూడా ఉంది. కొత్తిమీర, పుదీనా, బెండకాయలు టర్కీవాళ్ల కొట్లలో దొరుకుతాయి. ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారమే తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా కష్టం గది దొరకడం. స్టూడెంట్ హాస్టళ్లకు వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది, అడ్మిషన్ ఖాయమైన రోజే అప్లై చేయండి. దిగిన 14 రోజుల్లో బ్యూర్గర్‌ఆమ్ట్ అనే ప్రభుత్వ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. నాకు మొదట గది ఇచ్చిన మనిషి డబ్బు తీసుకున్నాక ఆ కాగితం ఇవ్వనన్నాడు. మూడు వారాల్లో ఇంకో గది వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి డబ్బు పంపేముందే ఆ కాగితం ఇస్తారా అని అడగండి. గది చూడకుండా, కనీసం వీడియోలో మాట్లాడకుండా డిపాజిట్ అసలు పంపొద్దు. నమోదుకు బెర్లిన్‌లో ఏ బ్యూర్గర్‌ఆమ్ట్ అయినా పర్వాలేదు, మీ ఏరియాలోదే కానక్కర్లేదు. అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే సైట్ తెరిచి చూస్తూ ఉండండి.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. చలికి జాకెట్ ఉంది, చీకటికి ఏమీ లేదు. ఆ రెండు నెలలూ గదిలో ఒంటరిగా చదవకండి. లైబ్రరీకి పోయి నలుగురి మధ్య కూర్చోండి. నాకు గురువారాలు ఉండబట్టి సరిపోయింది.

ఆ ఇద్దరితో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంటాను. కాట్‌బుస్ అబ్బాయి పోయిన నెల ఒక లెక్క ఫొటో తీసి పంపాడు, మూడో లైన్ అర్థం కాలేదు, చూస్తావా అని.