సభాపతి ఆడవాళ్లకు చెల్లదా?

సందేహం: మా మహిళా సంఘం వార్షికోత్సవ ఆహ్వానపత్రికలో సర్పంచ్ గారి పేరు ముందు 'సభాపతి' అని వేశాం. ఆవిడ స్త్రీ. పతి అంటే మగడు కదా, 'సభాధ్యక్షురాలు' అనాలి అని ఒక మాస్టారు తప్పుపట్టారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: పతి అనగానే మాస్టారికి మగడే గుర్తొచ్చాడు, పాపం. 'పా' ధాతువుకు కాపాడటం అని అర్థం. కాపాడేవారు, ఏలేవారు పతి. మొగుడూ ఆ లెక్కలోనే పతి అయ్యాడు.

పతికి స్త్రీలింగం పత్ని అని బడిలో వల్లించి అక్కడే ఆగిపోతాం. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఆగలేదు. 'పత్యుర్నో యజ్ఞసంయోగే' అన్నాడు. యజ్ఞంలో భర్తతో పాలుపంచుకునే భార్యకే పత్నిలోని ఆ నకారం. ఆ వెంటనే 'విభాషా సపూర్వస్య' అన్నాడు. పతికి ముందు మరో పదం చేరితే నకారం రావచ్చు, రాకపోనూవచ్చు. ఇల్లేలే ఇల్లాలు గృహపత్ని, గృహపతి కూడా! రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ వెసులుబాటు మన మాస్టార్ల దాకా ఇంకా రాలేదు.

లోకం మాత్రం అందుకుంది. 1999లో మీ పక్క జిల్లా ఎచ్చెర్ల ఎమ్మెల్యే కావలి ప్రతిభా భారతి గారు ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు స్పీకర్, అంటే సభాపతి, అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి మహిళ ఆవిడే. 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతులయ్యారు. అయినా గజపతుల ఊరి దగ్గర ఉండి మీకీ అనుమానమేమిటి? 2024లో విజయనగరంలో గెలిచిన అదితి విజయలక్ష్మి గారి పేరు చివరా గజపతిరాజే ఉంది. వంశపు బిరుదు వేరే లెక్క అంటారా, సరే.

అసలు కోప్పడాల్సింది 'సర్పంచ్ పతి' మీద. ఉత్తరాదిన పుట్టిన మాట. కుర్చీ ఆమెది, పెత్తనం ఆయనది. అక్కడ పతి అచ్చంగా మొగుడే. మనకు ఆ మాట అంతగా రాలేదు గానీ, ఫ్లెక్సీల్లో ఆమె ఫొటో పక్కన ఆయన ఫొటో ఇంకాస్త పెద్దదిగా వస్తూనే ఉంది. 'మహిళా సర్పంచ్' అన్నదీ నాకు గిట్టదు. 'పురుష సర్పంచ్' అని ఎవరైనా రాశారా?

'సభాధ్యక్షురాలు' తప్పు కాదు. 'సభాపత్ని'కి వ్యాకరణం ఒప్పినా చెవి ఒప్పదు, వద్దు. కార్డులు అచ్చయిపోయాయి గనక 'సభాపతి'నే ఉండనివ్వండి. కాకపోయినా నేనైతే మార్చను.