వెయ్యి మొక్కలు నాటే ముందు మా ఊరి గుట్ట సంగతి వినండి

పరకాల దగ్గర మీ ఊళ్లో యూత్ అంతా కలిసి ఈ వానకాలం వెయ్యి మొక్కలు నాటుదామనుకుంటున్నారని రాశారు. చెట్లు పెంచితే వాతావరణ మార్పు నిజంగా ఆగుతుందా, మన కష్టానికి ఫలితం ఉంటుందా అని అడిగారు. మాది నర్సంపేట వైపు. ఎనిమిదేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందు సూటిగా జవాబు. చెట్లు మాత్రమే వాతావరణ మార్పును ఆపలేవు. అయినా మీరు ఈ పని చేయాలి. ఎలా చేయాలన్న దగ్గరే మేం చాలా తప్పులు చేశాం.

తెలంగాణ ప్రభుత్వం ఊరూరా మొక్కలు నాటించిన హరితహారం 2015 జులైలో మొదలైంది. తర్వాతి ఏడాది వానకాలం మా ఊళ్లో మేమూ మొదలుపెట్టాం. నర్సరీ నుంచి ట్రాలీలో మొక్కలు తెచ్చుకుని ఒక్క ఆదివారం 800 నాటాం. బడి చుట్టూ కొన్ని, రోడ్డుకు రెండు వైపులా కొన్ని, మిగతావన్నీ గుట్ట కింద. ఆ రోజు ఊరంతా కదిలి వచ్చింది, ముసలివాళ్లు కూడా గడ్డపార పట్టారు. మరుసటి ఏడాది మే నెలలో నోట్‌బుక్ పట్టుకుని లెక్కపెడితే 140 కూడా లేవు.

ఎందుకు పోయాయో ఒక్కో చోట నిలబడి చూశాం. గుట్ట కింద అంతా మొరం. జానెడు లోతు గుంత తీసి పెట్టేశాం, వేరు కిందికి దిగలేదు. కొన్నింటికి నల్ల కవర్ కూడా తీయలేదు. రోడ్డు పక్కవి మేకలు తిన్నాయి. కరెంటు తీగల కింద పెట్టినవి కాస్త ఎదగగానే కొట్టేశారు. అది మా తప్పే, పైకి చూడకుండా గుంతలు తీశాం. ట్యాంకర్ డిసెంబర్ వరకు వచ్చి ఆగిపోయింది. మార్చిలో గుట్టకు అగ్గి అంటుకుంది. ఇప్పపూలు ఏరడానికి వీలుగా ఉంటుందని చెట్ల కింద ఎండుటాకు కాలుస్తారు, తునికాకు చిగురు బాగా వస్తుందని కూడా కాలుస్తారు. ఆ మంట కిందికి పాకింది. ఆ బూడిదలో నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

బతికిన 140లో సగానికి పైగా బడి చుట్టూ, ఇళ్ల ముందు ఉన్నవే. బడిలో ఒక్కో తరగతికి కొన్ని అప్పజెప్పారు, పిల్లలు మధ్యాహ్నం పళ్లెం కడిగిన నీళ్లు వాటికే పోసేవాళ్లు. బోరింగు దగ్గర కానుగ మొక్కకు ఎవరూ కాపలా లేరు, కానీ నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందె తొలిచిన నీళ్లు దాని మొదట్లోనే పోశారు. రోజూ ఎవరి కంటనో పడే మొక్కే బతికింది. అప్పటి నుంచి ఎన్ని నాటామన్నది మేం రాసుకోవడం లేదు. మూడో ఎండకాలం దాటినవి ఎన్నో అదే రాసుకుంటున్నాం. వేరు తడి దాకా దిగడానికి మా నేలలో అంత టైం పడుతుంది.

ఇప్పుడు వాతావరణం సంగతి. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు 20 నుంచి 25 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీలుస్తుందని మామూలుగా లెక్క వేస్తారు. చెట్టు జాతిని బట్టి, నేలను బట్టి ఇది మారుతుంది. మా ఇంట్లో నెలకు 150 యూనిట్ల కరెంటు కాలుతుంది. మన దేశంలో ఒక్క యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. అంటే ఏడాదికి 1,260 కిలోలు. మా ఒక్క ఇంటి కరెంటుకే దాదాపు 60 పెద్ద చెట్లు కావాలి. ఇందులో బండి పెట్రోలు లేదు, ఇల్లు కట్టిన సిమెంటు లేదు, పొలానికి చల్లిన యూరియా లేదు.

ప్రపంచం మొత్తం మీద బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు వల్ల ఏడాదికి దాదాపు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. అదే లెక్కన దాన్నంతా పీల్చడానికి 1.7 లక్షల కోట్ల పెద్ద చెట్లు కొత్తగా కావాలి. 2015లో శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం భూమ్మీద ఉన్న చెట్లన్నీ కలిపితేనే సుమారు 3 లక్షల కోట్లు. అన్ని కొత్త చెట్లకు జాగా ఎక్కడుంది? తిండి పండే చెలకల్లో పెట్టలేం కదా.

ఇంకో మాట నన్ను బాగా ఆలోచింపజేసింది. భూపాలపల్లిలో సింగరేణి తవ్వే బొగ్గు ఒకప్పటి అడవే. 25 కోట్ల ఏళ్లకు ముందు గోదావరి లోయలో పెరిగిన చెట్లు మట్టి కింద పడి అలా మారాయి. ఆ అడవి దాచుకున్న కార్బన్‌ను మనం చెల్పూరు లాంటి కరెంటు ప్లాంట్లలో కాల్చి, దానికి బదులు మహా అయితే వందో రెండొందలో ఏళ్లు బతికే వేపచెట్టు పెడుతున్నాం. ఆ వేప ఎండిపోయినా, కాలినా, పొయ్యిలోకి పోయినా అది పట్టి ఉంచింది మళ్లీ గాల్లోకే పోతుంది. బొగ్గు మట్టి కింద ఉన్నంత కాలం అలా పోదు. అందుకే బొగ్గు వాడకం తగ్గించే పనికి చెట్టు సాయం చేస్తుంది, ఆ పనికి బదులు కాలేదు.

చెట్టులో ఉన్న కార్బన్ లాకర్‌లో పెట్టిన బంగారం లాంటిది కాదని 2024 ఆగస్టు 31న మన కళ్లతోనే చూశాం. తాడ్వాయి, మేడారం అడవుల్లో ఆ ఒక్క రోజు గాలివానకు యాభై వేలకు పైగా చెట్లు కూలాయి. అంతకు ముందు ఏడాది జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అవి రెండూ వాతావరణ మార్పు వల్లే జరిగాయని తేల్చి చెప్పడానికి నేను శాస్త్రవేత్తను కాను. గాలి వేడెక్కిన కొద్దీ అందులో తేమ ఎక్కువ నిలుస్తుందని, అందుకే కుండపోత వానలు పెరుగుతాయని మాత్రం తెలుసు. మనల్ని కాపాడాలని ఆశపడుతున్న చెట్లకే ఆ దెబ్బ తగులుతుంది.

అయితే మేం గుట్టను వదల్లేదు. 2018లో మేకలు కాసే అన్నలతో కూర్చుని మాట్లాడాం. గుట్టకు తూర్పు వైపు మేతకు, నీళ్లకు దారి వాళ్లకే వదిలి, పడమటి వైపు మూడెకరాలకు సర్కారు తుమ్మ కంపతో కంచె వేశాం. కొత్త మొక్కలు పెట్టడానికి ఆ ఏడాది మా దగ్గర డబ్బుల్లేవు, అందుకే ఊరికే వదిలేశాం. రెండు వానలు పడ్డాక చూస్తే కొట్టేసిన టేకు మోళ్ల నుంచి, మోదుగు, తునికి, నల్లమద్ది మొదళ్ల నుంచి పిలకలు మనిషి ఎత్తు లేచాయి! వాటి వేర్లు ఎప్పటివో, నేలలో లోతుగా ఉన్నాయి. ట్యాంకర్ అవసరం లేకుండా మే నెల దాటాయి. ఏటా మేకలు కొరికి, మనుషులు కొట్టి, అగ్గి పెట్టి మనమే వాటిని లేవనివ్వలేదు.

శాస్త్రవేత్తలు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చాక, చెట్లు నాటితే చాలని ప్రపంచమంతా ప్రచారం జరిగింది, దాని మీద విమర్శలూ వచ్చాయి. 2023లో వచ్చిన మరో అధ్యయనం, అడవులు ఇంకా పట్టుకోగల కార్బన్‌లో 61 శాతం ఇప్పుడున్న అడవులను కాపాడి ఎదగనిస్తేనే వస్తుందని తేల్చింది. పాకాల, ఏటూరునాగారం అడవుల పక్కన ఉన్న మనకు ఇది చాలా పెద్ద మాట.

మీ వెయ్యి మొక్కల విషయానికొస్తే, నా సలహా 150తో ఆగండి. బడి, అంగన్వాడీ, బస్టాప్, బతుకమ్మ ఆడే జాగా, మనుషులు తిరిగే చోట్లే పెట్టండి. మోకాలి లోతు గుంత ఏప్రిల్‌లోనే తీసి ఉంచండి. కానుగ, వేప, చింత, నేరేడు, రావి చాలు. చెరువు కట్ట వెనక వైపు దిగువన ఈత పెట్టండి, గీత కార్మికులే దాన్ని కాపాడుకుంటారు. చెరువు శిఖంలో మాత్రం పెట్టకండి, అది నీళ్ల జాగా. కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందని ఎవరైనా ఇస్తే తీసుకోకండి, మన ప్రభుత్వమే దాన్ని నాటొద్దని చెప్పింది. ఈ 150 చెట్లు ప్రపంచం వేడిని తగ్గించవు. మీ బడిలో మే నెల మధ్యాహ్నాన్ని తగ్గిస్తాయి. మా బోరింగు దగ్గర కానుగ కింద ఇప్పుడు ఉపాధి హామీ కూలీలు అన్నం తింటున్నారు, ముందు ఆ చోట నిలబడటానికే కాలు కాలేది.

మిగిలిన శక్తి అంతా మీ ఊరి దగ్గర గుట్టో, బంజరో ఉంటే దాని మీద పెట్టండి. నాటే ముందు అక్కడ ఏ మోళ్లు బతికున్నాయో ఒకసారి తిరిగి చూడండి. మేం ఈసారి గుట్ట మీద ఒక్క మొక్క కూడా పెట్టడం లేదు. ఫిబ్రవరిలో శివరాత్రికి ముందే కంచె చుట్టూ పది అడుగుల వెడల్పున ఎండు గడ్డి చెక్కేస్తాం, అగ్గి లోపలికి రాకుండా. ఆ పని చూడాలనుంటే మీ వాళ్లను తీసుకుని రండి, రెండు రోజులు పడుతుంది.